నల్లటి ఒంటి మీద నీలం కనపడదా?

"రక్తానికి కూడా కులం అంటగడతారా మేడమ్?"

పోయిన వారం మా స్టాఫ్ రూములో ఒక సీనియర్ లెక్చరర్ గారు అడిగిన మాట ఇది. ఆయన చెడ్డవాడేం కాదు. నా పీహెచ్‌డీ వైవా అయిన రోజు కాలేజీలో అందరికీ పూతరేకులు పంచింది ఆయనే. మా అక్క కూతురికి ఆసుపత్రిలో జరిగింది చెప్తుంటే మధ్యలో ఆగి, నవ్వుతూనే అడిగారు. అప్పుడు బెల్లు కొట్టారు. నేను క్లాసుకి వెళ్ళిపోయాను. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. పెద్దదే. ఓపిగ్గా చదవండి. మీ ఇంట్లో గానీ, మీ పేటలో గానీ కేన్సర్‌కి మందులు వాడుతున్న మనిషి ఉంటే ఇంకాస్త ఓపిగ్గా చదవండి.

మా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ క్రితం బ్లడ్ కేన్సర్ అన్నారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం, లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పెద్ద కేన్సర్ సెంటర్‌లో గట్టి దశ అంతా అయిపోయింది. ఇప్పుడు ఇంటి దగ్గరే రోజూ మాత్రలు, వారానికోసారి మెథోట్రెక్సేట్. నెలకోసారి వెళ్ళి చూపించుకోవాలి. అక్కా బావా ఇద్దరూ వ్యవసాయ కూలీలే. ఆ ప్రయాణం ఉన్న రోజున ఇద్దరి కూలీ పోతుంది.

మెథోట్రెక్సేట్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. పెనుగొండ నుంచి మార్టేరు మీదుగా బస్సెక్కితే భీమవరం ఎంతో దూరం కాదు. 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది అక్కడే. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందమే ఎమినోప్టెరిన్‌ని, దాని వెంటే మెథోట్రెక్సేట్‌ని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో ఆ ఎమినోప్టెరిన్ని లుకేమియా పిల్లలకి ఇచ్చి చూశాడు. ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోయేవాళ్ళు. మా పిల్ల ఈ రోజు నాలుగో తరగతి చదువుతోందంటే అందులో ఆయన చెయ్యి ఉంది. ప్రతి జనవరిలో మా జిల్లా ఆయన్ని తల్చుకుని గర్వపడుతుంది. నేనూ గర్వపడతాను, అందులో ఏ పేచీ లేదు. నా పేచీ వేరే చోట. పెరల్ రివర్ ల్యాబులో పుట్టిన మందు మాలపల్లిలో పిల్ల నోటిదాకా వచ్చింది. ఆ మందు వెంట రావాల్సిన చూపు, వినికిడి మాత్రం మా వీధి మొదట్లోనే ఆగిపోయాయి.

జరిగింది చెప్తాను.

కీమో మందులు వాడేవాళ్ళకి ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గుతుంది. మామూలు మనుషుల్ని ఏమీ చెయ్యని ఒక ఫంగస్ వాళ్ళ ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తుంది. అది రాకుండా ముందుజాగ్రత్తగా కోట్రైమోక్సజోల్ అనే మాత్ర ఇస్తారు. మా పిల్లకి అది పడలేదు, రక్తకణాలు పడిపోయాయి. దాని బదులు డాప్సోన్ రాశారు. రాయడం తప్పు కాదు, వైద్యశాస్త్రం ఒప్పుకున్న ప్రత్యామ్నాయమే.

డాప్సోన్ పేరు మా పెద్దవాళ్ళకి తెలుసు. కుష్ఠు మాత్ర. 1940ల నుంచీ ఆ జబ్బుకి వాడుతున్న మందు. 1981 తర్వాత ఇంకో రెండు మందులతో కలిపి అట్టల్లో ఇస్తున్నారు. ఊరి బయట ఉంచిన జబ్బుకి ఊరి బయట ఉంచిన జనం దశాబ్దాల పాటు మింగిన మాత్ర ఇది. దాని గుణం, దోషం రెండూ మా ఒంట్లోనే పరీక్షకి నిలిచాయి. ఆ దోషం ఏంటో కేన్సర్ వార్డులో మాకెవరూ చెప్పలేదు.

మాత్ర మొదలుపెట్టిన మూడో వారంలో పిల్ల డీలా పడింది. తలనొప్పి అంది. బడి నుంచి వచ్చి అరుగు మీదే పడుకునేది. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఒక రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"చెల్లీ, పిల్ల మూతి నేరేడుపండు తిన్నట్టుందే. గోళ్ళు కూడాను. ఇప్పుడు నేరేడుపళ్ళ కాలం కూడా కాదు."

ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి. నా దృష్టిలో ఈ మొత్తం కథలో మొదటి సరైన రోగనిర్ధారణ ఇదే. ఐదో తరగతి దాటని, ఊడ్పుల్లో నడుం వంచి బతికే ఆడమనిషి చేసింది. కేన్సర్ సెంటర్ దూరం. ఆయాసం పెరుగుతోంది. అందుకని మా వైపే ఒక పట్నంలో, కేన్సర్ వార్డు కూడా ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పేరు రాయను. ఈ గొడవ ఒక ఆసుపత్రితో కాదు.

డ్యూటీ డాక్టరు వేలికి ఆక్సీమీటర్ పెట్టాడు. 86. కోవిడ్ పుణ్యమా అని ఆ అంకెలు మా పేటలో ముసలమ్మలకి కూడా వచ్చు. 94 కింద ఉంటే భయం. మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. 86. ఇంకా పెంచారు. 86. వేలు మార్చారు, మిషన్ మార్చారు, చెయ్యి చల్లగా ఉందని రుద్దారు. 85, 86. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అయినా న్యుమోనియా మొదలై ఉంటుందని యాంటీబయాటిక్స్ ఎక్కించారు.

అక్క అడిగింది: "మూతి నీలంగా ఉంది చూడండి బాబూ."

ఆయన చూసి అన్నాడు: "పిల్ల రంగే అదేమోనమ్మా. నలుపు కదా."

సీనియర్ లెక్చరర్ గారూ, మీరడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది. కన్నతల్లి తొమ్మిదేళ్ళుగా రోజూ కడిగి, దువ్వి, ముద్దుపెట్టుకున్న మొహం అది. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో ఆ తల్లికి తెలియదా? ఆ డాక్టరు అంతకు ముందు ఆ పిల్లని ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ పిల్ల రంగేంటో తల్లికంటే తనకే బాగా తెలుసని అనుకున్నాడు. ఎందుకు అనుకోగలిగాడు? ముప్పై గంటల డ్యూటీలో ఉన్న కుర్రాడే, నిద్ర లేదు, అది నేను కాదనను. కానీ నిద్ర లేని మనిషి నోట్లోంచి వచ్చేది అతను కొత్తగా కనిపెట్టిన మాట కాదు కదా. చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన మాటే వస్తుంది.

నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నదాన్ని అలాగే వదిలేసి బయల్దేరాను. దారిలో, సిద్ధాంతం బ్రిడ్జి మీద ఉండగా అక్క ఫోన్ లోంచి ఆ డాక్టరుతో మాట్లాడాను. నా పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుని మాట్లాడటం నాకు అలవాటు లేదు. ఆ రోజు పెట్టుకున్నాను.

గొంతు మారిపోయింది. "చెప్పండి మేడమ్. మీది ఏ స్పెషాలిటీ?"

"తెలుగు సాహిత్యం అండీ."

ఒక్క క్షణం ఏ శబ్దమూ లేదు. "మేడమ్, రౌండ్స్ ఉన్నాయి, తర్వాత మాట్లాడదాం."

సాహిత్యం అంటారా, చెప్పుకుందాం. మా సిలబస్‌లో నీలమేఘశ్యాములు ఎంతమందో. వందల ఏళ్ళుగా తెలుగు కవులు నల్లటి దేవుడి ఒంట్లో నీలిమేఘం చూశారు, నల్లకలువ చూశారు, ఇంద్రనీలమణి చూశారు. నలుపులోంచి నీలాన్ని వేరు చేసి చూడగలిగిన కళ్ళే మనవి. ఆ చూపు దేవుడి ఒంటికే సరిపోయింది. మా పిల్ల పెదాల దాకా వచ్చేసరికి నలుపు ఉత్త నలుపైపోయింది.

ఇప్పుడు అసలు జరిగిందేంటో చెప్పాలి. నేను వైద్యం చదవలేదు. తర్వాత కేజువాల్టీ ఫిజీషియన్ గారు విసుక్కోకుండా కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది, ఆ తర్వాత నేను చదివి సరిచూసుకున్నది చెప్తున్నాను.

రక్తంలో హిమోగ్లోబిన్ ఉంటుంది, దానిలో ఇనుము. ఆక్సిజన్ని పట్టుకుని మోసేది ఆ ఇనుమే. కొన్ని మందులు ఒంట్లో విరిగినప్పుడు పుట్టే పదార్థాలు ఆ ఇనుముని ఆక్సీకరణం చేస్తాయి. ఒక రకంగా తుప్పు పట్టించడం అనుకోండి. అప్పుడు దాన్ని మెథిమోగ్లోబిన్ అంటారు. ప్రతి మనిషిలో ఒక శాతం దాకా ఇది ఉంటుంది, ఒళ్ళే దాన్ని సరిచేసుకుంటూ ఉంటుంది. అది పెరిగిపోతే రెండు అనర్థాలు. తుప్పు పట్టిన ఇనుము ఆక్సిజన్ని పట్టుకోలేదు. పక్కనున్న మంచి ఇనుమేమో పట్టుకున్న ఆక్సిజన్ని కండకి వదలదు. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, గాలి బాగానే ఆడుతుంది. మోసే బండ్లు పాడైపోతాయి. అందుకే సిలిండర్లు ఎన్ని పెట్టినా అంకె కదలదు.

ఆ 85, 86 అంకె సంగతి వింటే నాకు ఒళ్ళు మండింది. ఆక్సీమీటర్ రెండు రకాల వెలుగుని, ఒక ఎర్ర వెలుగునీ ఒక పరారుణ కాంతినీ వేలిలోంచి పంపి, ఏది ఎంత మింగుడు పడిందో చూసి లెక్క కడుతుంది. మెథిమోగ్లోబిన్ రెండింటినీ ఇంచుమించు సమానంగా మింగేస్తుంది. అలాంటప్పుడు మిషన్ లెక్క 85 దగ్గరకి వచ్చి అక్కడే కూర్చుంటుంది. అంటే అదే ఒక గుర్తు! ఆక్సిజన్ పెట్టినా 85 దగ్గర మొండికేసిన అంకె, శుభ్రంగా ఉన్న ఎక్స్‌రే, నీలపు పెదాలు, మందుల చీటీలో డాప్సోన్. నాలుగూ ఒకే మంచం మీద ఉన్నాయి. మిషన్ చెడిపోలేదు. తనకి చేతనైన భాషలో అది చెప్తూనే ఉంది. అక్క తన భాషలో చెప్తూనే ఉంది.

దొరికింది ఎలాగో తెలుసా? సాయంత్రం షిఫ్టుకి ఒక స్టాఫ్ నర్సు వచ్చింది. కొవ్వూరు వైపు అమ్మాయి, మా పేటల్లాంటి పేటలోంచే వచ్చింది. రక్తం తీస్తూ ఆగిపోయింది. "ఇదేంటి, బెల్లం పాకంలా ఉంది?" అంది. తెల్ల గాజుగుడ్డ మీద ఒక చుక్క వేసింది. పక్కన తన వేలు పొడుచుకుని ఇంకో చుక్క వేసింది. రెండూ గాలికి ఆరనిచ్చింది. మామూలుగా ఆక్సిజన్ తక్కువైన రక్తమైతే ముదురు రంగులో ఉన్నా గాలి తగిలితే ఎర్రబడుతుంది. పిల్ల రక్తం ఎర్రబడలేదు. గోధుమరంగులోనే ఉండిపోయింది.

"పూత మందు తాగిన వాళ్ళకి ఇలాగే ఉంటుంది మేడమ్," అంది నాతో.

పూత మందు అంటే నైట్రోబెంజీన్. మిరపకి, కూరగాయలకి పూత బాగా రావాలని కొట్టే ద్రావణం, ఎరువుల షాపులో దొరుకుతుంది, బూటు పాలిషు వాసన వస్తుంది. అప్పుల్లోనో గొడవల్లోనో అది తాగి వచ్చిన రైతుల్ని, కూలీల్ని మన రెండు రాష్ట్రాల్లోని కేజువాల్టీలు చూస్తూనే ఉంటాయి. అది కూడా ఇదే పని చేస్తుంది, ఇనుముని తుప్పు పట్టిస్తుంది. ఈ అమ్మాయి అంతకు ముందు ఒక ఏరియా ఆసుపత్రి కేజువాల్టీలో పనిచేసింది. పైవార్డులో కేన్సర్ గురించి చదివినవాళ్ళకి తట్టనిది, కింద అంతస్తులో పురుగుమందు తాగిన వాళ్ళ నోళ్ళు కడిగిన మనిషికి తట్టింది.

డ్యూటీ డాక్టరు ముందు ఆమెని కసిరాడు. "నువ్వు డయాగ్నోసిస్ చెప్తావా?" అన్నాడు. ఆమె గట్టిగా ఏం అనలేదు. గాజుగుడ్డ ట్రేలో పెట్టుకుని తిన్నగా కేజువాల్టీకి నడిచింది. అక్కడి ఫిజీషియన్ గారు గాజుగుడ్డ చూసి కుర్చీలోంచి లేచారు. ఆయన ఏ కులమో నాకు తెలుసు, ఇక్కడ రాయాల్సిన అవసరం లేదు. ఆయన పిల్ల కింది పెదవి బయటికి మడిచి లోపల చూశారు. నాలుక చూశారు, అరచేతులు చూశారు, గోళ్ళు నొక్కి చూశారు. తర్వాత అక్క వైపు తిరిగి, "ఎప్పటి నుంచమ్మా ఈ రంగు?" అని అడిగారు. పొద్దుటి నుంచి ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన.

ధమని నుంచి రక్తం తీసి పరీక్ష చేయించారు. కరిగి ఉన్న ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంది, వేలి మీద మిషన్ మాత్రం 86. ఈ రెండింటి మధ్య ఖాళీయే జబ్బు పేరు చెప్తుందట. ఇక్కడ ఇంకో ఉచ్చు ఉందని చెప్పారు. మామూలు బ్లడ్ గ్యాస్ మిషన్ ఆక్సిజన్ శాతాన్ని కొలవదు, మిగతా అంకెల నుంచి లెక్క కట్టి అచ్చేస్తుంది. ఆ కాగితంలో 99 అని ఉంటుంది. అది చూసి ఊరుకుంటే అంతే. నిజంగా కొలవాలంటే కో-ఆక్సీమీటర్ కావాలి. ఆ పూటకి ఆ ఊళ్ళో అది లేదు. ఆయన దాని కోసం ఆగలేదు.

మందు ఏంటో వింటే మీకు నవ్వొస్తుంది. మిథిలీన్ బ్లూ. నీలి రంగు. 1876లో జర్మనీలో బట్టలకి అద్దే రంగుగా తయారైంది. 1891లో పాల్ ఎర్లిక్ దాన్ని మలేరియాకి ఇచ్చి చూశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో విరుగుళ్ళ కింద ఉంటుంది. ఫెడరేషన్ కాలం నుంచీ మా జెండా నీలం, బాబాసాహెబ్ కోటు నీలం. నీలం తెచ్చిన ప్రమాదాన్ని నీలమే తీసింది. ఇది నేను కల్పించిన అలంకారం కాదు, రసాయనశాస్త్రం.

వార్డులో లేదన్నారు. ఫార్మసీలో లేదన్నారు. ఆయన ఆపరేషన్ థియేటర్‌కి ఫోన్ చేశారు. రొమ్ము కేన్సర్ ఆపరేషన్లలో చంకలోని మొదటి గ్రంథిని గుర్తుపట్టడానికి సర్జన్లు ఇదే నీలాన్ని వాడతారు. అక్కడ దాని పేరు రంగు, విరుగుడు కాదు. అందుకని ఫార్మసీ లెక్కలో అది లేదు. ఒకే భవనంలో, రెండంతస్తుల దూరంలో, గాజుసీసాలో ఉన్న మందు, అడగడం తెలిసిన మనిషి వచ్చేదాకా లేనట్టే.

ఎక్కించే ముందు ఆయన ఒక్కటి అడిగారు. "జీ6పీడీ టెస్టు ఎప్పుడైనా చేశారా?"

ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్నవాళ్ళు కొందరుంటారు. మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది, ఆడపిల్లల్లోనూ ఉండొచ్చు. వాళ్ళ ఒంట్లో మిథిలీన్ బ్లూ పని చెయ్యడానికి కావాల్సిన సరుకు ఉండదు. పని చెయ్యకపోవడమే కాదు, ఎర్రకణాల్ని పగలగొట్టేస్తుంది. డాప్సోన్ కూడా వాళ్ళకి ప్రమాదమే. కేన్సర్ వార్డులో ఇంకో మందుంది, రాస్‌బ్యూరికేస్. కీమో మొదట్లో కేన్సర్ కణాలు ఒక్కసారిగా పగిలితే యూరిక్ యాసిడ్ పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి, అది ఆపడానికి ఇస్తారు. ఆ పని చేసేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళ రక్తం దాన్ని తట్టుకోలేదు. ఒకవైపు కణాలు పగులుతాయి, ఇంకోవైపు మెథిమోగ్లోబిన్ పెరుగుతుంది. ఆ మందు పెట్టె మీదే హెచ్చరిక ఉంటుంది, ముందు పరీక్ష చెయ్యండని.

ఈ లోపం ఎవరిలో ఎక్కువ? మలేరియా తరతరాలుగా పీడించిన జనంలో. జీ6పీడీ ఒరిస్సా అని ఒక రకమే ఉంది, మన దేశపు గిరిజనుల్లో ముఖ్యంగా కనపడేది అదేనని 1995లో రాశారు. మా గోదావరి పైకి వెళ్తే ఏముంది? పోలవరం, రంపచోడవరం, చింతూరు. అక్కడి కోయ పిల్లవాడు ఇదే జబ్బుతో ఇదే వార్డుకి వస్తాడు. అతనికి ఈ పరీక్ష చెయ్యకుండా డాప్సోన్ రాసినా, రాస్‌బ్యూరికేస్ ఎక్కించినా, మెథిమోగ్లోబిన్ అని తెలిశాక తొందరపడి నీలం ఎక్కించినా, మూడు చోట్లా ప్రమాదమే. ఇలాంటివాళ్ళకి విటమిన్ సి ఇస్తారు, అది నెమ్మదిగా పనిచేస్తుంది. ముదిరితే రక్తమే మార్చాలి. రక్తానికి కులం లేదన్నారు కదండీ సార్? రక్తానికి చరిత్ర ఉంది. ఎవరిని ఏ అడవిలో, ఏ దోమల మధ్య ఉంచారో అది ఎర్రకణంలో రాసుంది.

మా అదృష్టం, కేన్సర్ బయటపడిన రోజుల్లోనే పెద్ద సెంటర్‌లో ఆ పరీక్ష చేశారు. కాగితం ఎక్కడుంది? చీరల షాపు కవర్లో. మా అక్క రెండేళ్ళుగా ప్రతి కాగితాన్నీ తేదీ వరసలో పెట్టి, ఆ కవర్లో చుట్టి, బస్సుల్లో ఒళ్ళో పెట్టుకుని మోస్తోంది. ఒక్క ఇంగ్లీషు ముక్క చదవలేదు. కాగితం రంగు, మడతలు, సంతకాల ఆకారాలతో గుర్తుపడుతుంది. "ఫలానా టెస్టు" అంటే నేను వెతుకుతున్నాను, తనేమో "మొదటి నెలలో ఇచ్చిన కాగితాలు ఇవీ" అని కట్ట విప్పి చేతిలో పెట్టింది. అందులో మూడో పేజీ. జీ6పీడీ మామూలుగానే ఉంది.

పిల్ల బరువు 22 కిలోలు. కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున, అంటే రెండు మిల్లీలీటర్ల పైచిలుకు నీలం, ఐదు నిమిషాల పాటు మెల్లగా ఎక్కించారు. ముందే చెప్పారు, "రంగు రక్తంలోకి వెళ్ళగానే మిషన్ అంకె ఇంకా పడిపోతుంది, భయపడకండి, అది రంగు చేసే మోసం" అని. చెప్పినా అంకె డెబ్బైల్లోకి వెళ్ళేసరికి అక్క నా చెయ్యి విరిచేసింది. తర్వాత ఎక్కడం మొదలైంది. ముప్పావుగంటలో 95. మూతి మీద నేరేడుపండు రంగు పోయింది. పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. రాత్రి ఒంటేలు ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో వచ్చేసరికి ఏడుపు, ఆ తర్వాత నవ్వు.

అంతటితో అయిపోలేదు. డాప్సోన్ ఒంట్లోంచి తొందరగా పోదు. సగం తగ్గడానికే ఒక రోజు పైన పడుతుంది. ఆ మాత్ర ఆపేసినా మర్నాడు సాయంత్రం మళ్ళీ అంకె జారింది, మళ్ళీ ఒక మోతాదు ఇచ్చారు. రెండు రోజులు కనిపెట్టుకుని ఉన్నారు. డిప్రెషన్‌కి కొన్ని రకాల మందులు వాడేవాళ్ళకి ఈ నీలం కలిస్తే ప్రమాదమని, అలాంటివేమైనా వాడుతోందా అని కూడా అడిగారు. న్యుమోనియా రాకుండా డాప్సోన్ బదులు నెలకోసారి ఇచ్చే ఇంకో మందుకి కేన్సర్ సెంటర్ వాళ్ళు మార్చారు.

ఇక సీనియర్ లెక్చరర్ గారికి మిగతా సగం జవాబు.

నీలం కనపడటానికి ఒక లెక్క ఉంది. రక్తంలో డెసీలీటర్‌కి ఒకటిన్నర గ్రాముల మెథిమోగ్లోబిన్ చేరితే కంటికి తెలుస్తుంది. హిమోగ్లోబిన్ 15 ఉన్న మనిషిలో అది పది శాతం. మా పిల్లకి హిమోగ్లోబిన్ ఏడున్నర. ఆమెలో నీలం కనపడాలంటే ఇరవై శాతం రక్తం పాడైపోవాలి. అంటే రక్తం తక్కువున్న ఒంట్లో గుర్తు ఆలస్యంగా వస్తుంది, ప్రమాదం ముందే వస్తుంది. కీమోతో రక్తం తగ్గడం ఎవరికైనా ఉన్నదే. కానీ అసలు తక్కువతో మొదలయ్యేది ఎవరు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. ఆ 59లో ఎవరి ఇళ్ళు ఎక్కువగా ఉంటాయో నేను చెప్పాలా?

చర్మం సంగతి. 2020 డిసెంబర్‌లో అమెరికాలో ఒక అధ్యయనం అచ్చయింది. వేలి మిషన్ బాగానే ఉందని చూపిస్తున్నా రక్తంలో ఆక్సిజన్ నిజంగా తక్కువగా ఉన్న సందర్భాలు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లవాళ్ళలో 11.7 శాతం. మిషన్‌కి జాతి ద్వేషం లేదు. దాన్ని ఎవరి వేళ్ళ మీద సరిచూసి అమ్మారన్నదే ప్రశ్న. మా వార్డులో డాక్టరుకీ కుల ద్వేషం ఉందని నేను అనడం లేదు. అతని కంటిని ఎవరి ఒంటి మీద సరిచూసి పంపారని అడుగుతున్నాను. పుస్తకంలో తెల్లటి బుగ్గ మీద నీలం చూసి నేర్చుకున్న కన్ను, మా చెంప మీద అదే వెతికితే దొరకదు. పెదవి లోపల వెతకాలి, నాలుక మీద, కంటి కింద రెప్పలోపల, అరచేతిలో వెతకాలి. తెల్ల గుడ్డ మీద చుక్క వెయ్యాలి. దానికి రూపాయి ఖర్చు లేదు. ఆ పెదవిని వేలితో తాకి మడవాలి, అంతే.

ఆ తాకడం దగ్గరే నా మనసు ఆగిపోతోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పిల్ల నోరు తెరిచి చూసిన మనిషి లేడు.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదా, ఉచితంగా చేశారు కదా, ఇంకా ఏం కావాలి అంటారు. అవును, 2007లో వచ్చిన ఆ పథకం లేకపోతే ఇలాంటి వైద్యం గడప కూడా తొక్కేవాళ్ళం కాదు. డబ్బు కట్టకపోతే మాట వినక్కర్లేదని ఆ కార్డు మీద ఎక్కడ రాసుంది?

నేను అడిగేవి ఆకాశంలోవి కావు. డాప్సోన్, రాస్‌బ్యూరికేస్ రాసే ముందు జీ6పీడీ చెయ్యండి. ప్రతి జిల్లా ఆసుపత్రి కేజువాల్టీలో, ప్రతి కేన్సర్ వార్డులో మిథిలీన్ బ్లూ విరుగుడుగా లెక్కలో ఉంచండి. థియేటర్‌లో రంగుగా దాచుకుంటే చాలదు. టీచింగ్ ఆసుపత్రికి ఒక్క కో-ఆక్సీమీటర్ కొనండి. నర్సు ఏదైనా చూశానంటే నోరు మూయించకండి. మందు ఇచ్చేటప్పుడు ఆ మందుతో ఏ గుర్తు వస్తే పరిగెత్తుకు రావాలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక చీటీ ఇవ్వండి.

చదివేవాళ్ళకి కూడా ఒక మాట. ఇది చదివి భయపడి మందులు మీకై మీరు మానేయకండి. ఈ మాత్ర ఇచ్చేది ప్రాణం కాపాడటానికే, చాలామందికి ఏమీ కాదు. గుర్తులు కనపడితే ఆసుపత్రికే వెళ్ళండి, మందుల చీటీ పట్టుకెళ్ళండి. నీలం పేరు విని బట్టలకి పెట్టే నీలిమందో, ల్యాబులో అద్దాల మీద వేసే రంగో తెచ్చేవాళ్ళుంటారు, అవి వేరే, అవి విషం. కేన్సర్ వాళ్ళకి డాప్సోన్ ఒక్కటే కాదు, నొప్పి తెలియకుండా గొంతులో కొట్టే బెంజోకెయిన్ స్ప్రే, చర్మం మీద రాసే ప్రిలోకెయిన్ క్రీము కూడా అరుదుగా ఈ పని చేస్తాయి.

ఆసుపత్రి వాళ్ళు చీటీ ఇచ్చేదాకా ఆగలేక నేనే ఒకటి రాశాను. పీహెచ్‌డీ తెలుగు ఇందుకైనా పనికొచ్చింది. ఫిజీషియన్ గారికి చూపించి, ఆయన దిద్దిన చోట దిద్ది, చీరల షాపు కవరు మీద అంటించాను. కాపీ చేసుకోవచ్చు, నా పేరు అక్కర్లేదు:

"ఈ పాపకి డాప్సోన్ పడదు. జీ6పీడీ మామూలుగా ఉంది (రిపోర్టు లోపల, పైనుంచి మూడో కాగితం). ఆక్సిజన్ పెట్టినా అంకె 85 దగ్గర ఆగిపోతే దయచేసి మెథిమోగ్లోబిన్ గురించి ఆలోచించండి. పెదవి లోపల చూడండి. వాళ్ళమ్మని అడగండి."

ఆ నర్సమ్మాయిని ఆ వారమే వేరే వార్డుకి మార్చారు. ఎందుకని అడిగితే "రొటేషన్" అన్నారు. దాని గురించి వచ్చే భాగంలో రాస్తాను.

జై భీమ్.